నీటి దారి వెంట: ధవళేశ్వరం నుంచి పెనుకొండ దాకా

కోస్తా డెల్టా ముందుగా ఎలా బాగుపడింది, రాయలసీమ ఎందుకు వెనకబడింది అన్న ప్రశ్నకు సగం జవాబు రైలు కిటికీలోంచే కనపడుతుంది. భువనేశ్వర్ నుంచి బెంగళూరు వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి, విజయవాడ, గుంటూరు, నంద్యాల, డోన్, అనంతపురం, ధర్మవరం మీదుగా పుట్టపర్తి చేరుతుంది. ఈ దారిలో ముందు వరి మడులు, తర్వాత నల్లమల అడవి, ఆ తర్వాత నల్లరేగడి, చివరికి వేరుశనగ వేసే ఎర్రనేల వస్తాయి. ఒకేసారి దూసుకుపోతే ఇవన్నీ దృశ్యాలుగానే మిగిలిపోతాయి. నాలుగైదు చోట్ల దిగి, ఆనకట్టలూ కాలువ తలుపులూ చెరువు కట్టలూ చూస్తూ వెళ్తేనే సంగతి అర్థమవుతుంది. దీనికి ఎనిమిది రోజులు కావాలి. ఆరు రోజుల్లోనూ ముగించవచ్చు గానీ, అప్పుడు పోరుమామిళ్ళ వదులుకోవాల్సి వస్తుంది. ఈ దారిలో వదులుకోకూడని ఊరు అదే.

బయలుదేరడానికి సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మధ్య దాకా మంచి కాలం. శ్రీశైలం జలాశయంలో నీళ్ళుంటాయి, అక్కడి నుంచి సీమకు నీరు వదిలే పోతిరెడ్డిపాడు తూములు పారుతుంటాయి, డెల్టా పచ్చగా ఉంటుంది, అనంతపురంలో వేరుశనగ చేలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే డెల్టా కాలువలు మరమ్మతుల కోసం కట్టేసి ఉంటాయి, సీమలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు చివరి నుంచి కోస్తాలో తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి ప్రయాణం తూర్పు నుంచి పడమరకు పెట్టుకోవడం మేలు. డెల్టా ముందే చూసేస్తే తర్వాత వానకు ఇబ్బంది ఉండదు.

రాజమండ్రి, ధవళేశ్వరం: రెండు రాత్రులు

బస రాజమండ్రిలోనే చేయాలి. స్టేషన్‌కూ కోటిపల్లి బస్టాండుకూ దగ్గర్లో ఉన్న లాడ్జిలు అనుకూలం. ధవళేశ్వరానికి బస్సులూ షేర్ ఆటోలూ అక్కడి నుంచే దొరుకుతాయి, దారి పది కిలోమీటర్ల లోపే. గోదావరి గట్టు వైపు గదులకు ధర ఎక్కువ, దోమలు కూడా ఎక్కువే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ ఏడాది వెళ్ళేవాళ్ళు ఆ పన్నెండు రోజులకు ముందూ వెనకా ఒక నెల వదిలేస్తే గది సులువుగా దొరుకుతుంది.

ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం నడిచేది దాని మీద కాదు. పాతది బలహీనపడ్డాక 1970లలో కొత్త బ్యారేజి మొదలుపెట్టి 1980ల మొదట్లో పూర్తిచేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు, పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైనే. నాలుగు భాగాలూ దాటితేనే నది ఎంత వెడల్పో, నడిమి లంకలను ఆనించుకుని కట్టడం ఎంత తెలివైన పనో బోధపడుతుంది. ధవళేశ్వరం భాగం ఒక్కటే చూసి వెనక్కి తిరిగేవాళ్ళే ఎక్కువ. ఆటో మాట్లాడుకునేటప్పుడే "విజ్జేశ్వరం దాకా వెళ్ళి రావాలి" అని చెప్పి బేరం కుదుర్చుకోండి. వరద కాలంలో అయితే నీటిమట్టం చూసుకుని బయలుదేరాలి. ఇక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75, మూడోది 17.75 దగ్గర ఎగురవేస్తారు. రెండోది దాటిందంటే ఆ రోజుకి ఆశ వదులుకోవచ్చు.

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి గంటన్నర చాలు. ఆనకట్ట నమూనాలు చూస్తుంటే ఈ కట్టడం రహస్యం తెలిసిపోతుంది. ఇది నీళ్ళు నిలవచేసే డ్యాం కాదు. నదిలో పారే నీటి మట్టాన్ని కాస్త పైకెత్తి పక్కకు మళ్ళించే గోడ. డెల్టాలో నది తను తెచ్చిన ఒండ్రు మీదే పారుతుంది కాబట్టి ఇరుపక్కల నేల నదికన్నా పల్లంగా ఉంటుంది. మట్టం నాలుగు అడుగులు లేచినా నీరు తనంతట తానే పొలాలకు దిగుతుంది. ఎత్తిపోత లేదు, కొండ తొలచడం లేదు. అందుకే పెట్టిన ఖర్చుకు శిస్తు త్వరగా తిరిగొచ్చింది, ఆ రాబడి చూసే మద్రాసు ప్రభుత్వం వెంటనే బెజవాడలో కృష్ణా ఆనకట్టకు పూనుకుంది. కాటన్ పట్టుదలనూ, ఆయన దగ్గర పనిచేసిన వీణెం వీరన్న శ్రమనూ తలచుకోవడం న్యాయమే. కానీ డెల్టా భాగ్యానికి మొదటి కారణం ఆ నేల వాలు. ఈ సంగతి ఇక్కడే మనసుకు పట్టించుకుంటే తర్వాత తుంగభద్ర మీది సుంకేశుల దగ్గర పనికొస్తుంది.

రెండో రోజు రెండు భిన్నమైన చోట్లు పెట్టుకోండి. ఉదయం బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్తే కాలువ గట్ల మీద నడక, పూతరేకులు, కొబ్బరితోటలు. ఇదంతా చూసి డెల్టా అంటే అందరికీ సుఖమే అనుకుంటే పొరపాటు. ఇక్కడ పొలం ఒకరిది, సేద్యం మరొకరిది. కౌలు చెల్లించాక మిగిలేది తక్కువ. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించింది ఈ నీటి నడుమనే. గల్ఫ్ ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు కడప జిల్లా నుంచి ఎంతమందో గోదావరి జిల్లాల నుంచీ అలాగే వెళ్తున్నారు. మధ్యాహ్నం నుంచి రంపచోడవరం వైపు వెళ్ళి రండి, రాజమండ్రి నుంచి రెండు గంటల లోపు ప్రయాణం. అదే గోదావరి పక్కన, పాతకాలంలో అదే జిల్లాలో ఉన్న మన్యం అది. ఆనకట్ట కట్టిన డెబ్భై ఏళ్ళకు, 1922లో, అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు లేచింది ఆ కొండల్లోనే. చీకటి పడేలోపు తిరుగు బస్సు పట్టుకోవాలి, రాత్రి పూట బస్సులు పలచన.

విజయవాడ: ఒక రాత్రి చాలు

ప్రకాశం బ్యారేజి చూడటానికి ఒక సాయంత్రం సరిపోతుంది. 1850లలో కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది, దాని స్థానంలో 1957 నాటికి బ్యారేజి వచ్చింది. తూర్పు, పడమర కాలువల తలుపుల దగ్గర నిలబడి చూడండి. సుమారు పదమూడు లక్షల ఎకరాల సేద్యానికి మొదలు అక్కడే. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిలు చవకే గానీ చప్పుడు. గవర్నర్‌పేట వైపు కాస్త నయం. భోజనానికి ఈ ఊళ్ళో వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. డెల్టా మిగులు వడ్ల కొట్లలోనే ఆగిపోలేదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించగలిగారంటే, దాచుకోవడానికి డబ్బున్న రైతులూ వ్యాపారులూ ఆ చుట్టుపక్కల ఉన్నారు కాబట్టే. బియ్యం మిల్లులు, పత్రికలు, కాలేజీలు, ఆ తర్వాత సినిమా పెట్టుబడులు అన్నీ ఆ వరుసలోనే వచ్చాయి. నీరు అందిన మొదటి డెబ్భై ఏళ్ళలో కూడిన ఆ ముందడుగును తర్వాత వచ్చిన ఏ పథకమూ పూడ్చలేకపోయింది.

నల్లమల దాటి నంద్యాలకు: రెండు రాత్రులు

గుంటూరు–నంద్యాల లైనులో పగటిపూట నడిచే రైలు ఎంచుకోండి. ప్రశాంతిలో వెళ్తే నల్లమల ఏ వేళకు వస్తుందో టైంటేబుల్లో ముందే చూసుకోవాలి. కంభం దాటాక గిద్దలూరు, దిగువమెట్ట, ఆపైన అడవి, బొగద సొరంగం వస్తాయి. దాని అవతల దిగితే నంద్యాల. చాలామంది చేసే తప్పు ఒకటుంది. కర్నూలు పెద్ద ఊరు కదా అని విజయవాడ నుంచి నేరుగా కర్నూలుకు రైలు వెతుకుతారు. నంద్యాల నుంచి కర్నూలుకు రైల్లో పోవాలంటే డోన్ చుట్టి రావాలి. నంద్యాలలో దిగి బస్సెక్కితే డెబ్భై కిలోమీటర్లే. సొంత కారులో వచ్చేవాళ్ళు దోర్నాల–ఆత్మకూరు అడవి దారిని పగలే దాటాలి, పులుల అభయారణ్యం కావడంతో అక్కడ రాత్రి రాకపోకల మీద ఆంక్షలుంటాయి.

నంద్యాల చూస్తే సీమ అంతా ఒకే తీరు కాదని తెలుస్తుంది. కె.సి. (కర్నూలు–కడప) కెనాల్ పారే ఈ పట్టులో వరి పండుతుంది, కర్నూలు సోనా బియ్యానికి ఈ ప్రాంతమే పేరు. ఊళ్ళో లాడ్జిలు శుభ్రంగా, రాజమండ్రి కన్నా తక్కువ ధరకే దొరుకుతాయి. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినండి, మధ్యాహ్నం జొన్నరొట్టె దొరికే మెస్ అడిగి వెళ్ళండి. రాయలసీమ అన్న పేరు పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాక ఈ నేలను దత్తమండలాలు అనేవారు. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు ఆ మాట తీసేసి రాయలసీమ అనమన్నారు.

మొదటి రోజు పోతిరెడ్డిపాడు, బానకచెర్ల. నంద్యాలలో కారు మాట్లాడుకోవడం తప్పదు, బస్సులు మెయిన్‌రోడ్డు దాకానే వస్తాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. మట్టం బాగా ఉన్నప్పుడే పోతిరెడ్డిపాడు తూములు నిండుగా పారతాయి. తలుపుల సామర్థ్యాన్ని 11,500 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచడం మీద జరిగిన గొడవ తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ గొడవను పేపర్లో చదవడం వేరు, బానకచెర్ల దగ్గర నిలబడి ఒకే కాలువ తెలుగుగంగకూ, శ్రీశైలం కుడి కాలువకూ, కె.సి. కెనాల్‌కూ మూడు పాయలుగా చీలడం చూడటం వేరు. రెగ్యులేటర్ల మీదికి అడగకుండా ఎక్కొద్దు, ఫొటోలకు ముందు అక్కడి సిబ్బందిని అడగండి. ఒక్కోసారి వద్దంటారు, వాదించి లాభం లేదు.

పోరుమామిళ్ళ: రోజంతా ఇవ్వాల్సిన చోటు

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులు మారుతూ వెళ్ళాలి. తెల్లవారగానే బయలుదేరితేనే రాత్రికి తిరిగి రాగలం. నీళ్ళ సీసా, గొడుగు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి, కట్ట మీద నీడ తక్కువ.

బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో ఇక్కడ చెరువు కట్టించి, ఆ వివరాలన్నీ సంస్కృత శ్లోకాల్లో రాతి మీద చెక్కించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. అంతకన్నా విలువైనది చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాల జాబితా. అందులో ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, మూడు యోజనాల నుంచి వచ్చే తీపినీటి ఏరు, రెండు కొండల నడుమ కుదురైన రాతికట్ట, దగ్గర్లో రాతిగని, చుట్టూ పండే నేల, పని తెలిసిన మనుషులు ఉన్నారు. ఆరు దోషాలూ చెప్పారు. కట్టలో ఊట, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం. సరిహద్దు మీద చెరువు దోషమని ఆరువందల యాభై ఏళ్ళ కిందట రాసిపెట్టుకున్న నేల ఇది. తుంగభద్ర, కృష్ణా పంచాయితీలు తెలిసినవాళ్ళకు ఆ ఒక్క మాట దగ్గర చూపు నిలిచిపోతుంది.

సీమ పుట్టుకతోనే కరువు నేల అనేవాళ్ళకు ఈ కట్టే జవాబు. వాన తక్కువ, నిజమే. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ, గోదావరి వైపు దానికి రెట్టింపు. కానీ ఆ తక్కువ వానను పట్టి నిలిపే ఏర్పాటు ఇక్కడ ఉండేది. దత్తమండలాలు ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చాక శిస్తు వసూలు మీద ఉన్న శ్రద్ధ చెరువుల పూడిక, తూముల మరమ్మతు మీద లేకపోయింది. 1876లో వచ్చిన ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గిపోయింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే కనిపించే సంఖ్య అది. గోదావరి ఆనకట్ట అప్పటికి పాతికేళ్ళ నాటిది.

కర్నూలు, సుంకేశుల: ఒక రాత్రి

బస్టాండు చుట్టూ లాడ్జిలు చాలా ఉన్నాయి, కొండారెడ్డి బురుజు ఊరి నడుమే. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఇది ఆంధ్ర రాష్ట్ర రాజధాని, ప్రభుత్వ ఆఫీసులు గుడారాల్లో నడిచిన రాజధాని. రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు రావాలని, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళలో సీమకూ నెల్లూరుకూ ముందు వాటా ఉండాలని 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో ఒప్పందం కుదిరింది. మొదటిది మూడేళ్ళు నిలిచింది. రెండోది ఎంత నిలిచిందో సుంకేశుల దగ్గర చూడొచ్చు.

సుంకేశుల కర్నూలుకు ముప్పై కిలోమీటర్ల లోపే, బస్సులు తక్కువ, ఆటో గానీ కారు గానీ మాట్లాడుకోండి. దారిలోనే కాకుండా కర్నూలు ఊళ్ళోనూ ఒకటి చూడాలి. కె.సి. కెనాల్ హంద్రీ నదిని వంతెన మీదుగా దాటుతుంది, కింద నది, పైన కాలువ. సుంకేశుల నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్లు సాగే ఈ కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. కాటన్ కలగన్న పథకాల్లోదే. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వమే పూచీ. లాభం వచ్చినా రాకున్నా వడ్డీ వస్తుందంటే పొదుపు మీద ఎవరికి పట్టింపు ఉంటుంది? ఖర్చు పెరిగింది. పడవలు నడవాలన్న ఆశ, పొలాలకు పారాలన్న అవసరం రెండూ ఒకే కాలువలో పెట్టారు. డెల్టాలో లాగా వాలు కలిసిరాలేదు, వాగులన్నీ దాటించాలి, గండ్లు పడేవి. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసే రైతు నీరు పెడితే భూమి ఉరకెత్తి, అంటే తేమ నిలిచి, పాడవుతుందని వెనకాడాడు, నీటి తీరువా భారం కూడా తోడైంది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసుకుంది. ఆ నష్టం చూపించే, సీమలో సాగునీటి పెట్టుబడి దండగ అన్న మాట దశాబ్దాలపాటు చెలామణి అయింది. రాబడి తెచ్చేవి, కరువును ఆపేవి అని ప్రాజెక్టులను రెండు జాతులుగా విడదీసి, మొదటి వాటికే డబ్బు తీశారు. తుంగభద్ర డ్యాం పని 1945 దాకా మొదలే కాలేదు.

కృష్ణా నీళ్ళు రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కె.సి. కెనాల్‌కు 39.9 టీఎంసీలు రాసింది. కాగితం మీది ఆ నీరు కాలువలోకి రావాలంటే పైన తుంగభద్ర నిండాలి. అక్కడ పూడికతో నిలవ 130 టీఎంసీల పైనుంచి 105 దాకా తగ్గింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దాని ఆధారంగా ఉన్న ఆయకట్టంతా వణికింది. నది అవతలి ఒడ్డున తెలంగాణలోని అలంపురం, పాలమూరు నేల. వాళ్ళ రాజోలిబండ కాలువ కష్టాలూ ఇవే. ఒడ్డు మారితే కథ మారదు.

గుత్తి, అనంతపురం, పెనుకొండ

కర్నూలు నుంచి అనంతపురం బస్సులు 44వ నంబరు హైవే మీద తరచుగా ఉంటాయి. గుత్తిలో దిగితే కోట ఎక్కడానికి మూడు గంటలు, ఉదయం ఎనిమిదిలోపు మొదలుపెట్టాలి. దత్తమండలాల మొదటి కలెక్టరు, రైతు నుంచే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతి పెట్టిన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట గుత్తిలోనే పాతిపెట్టారు. గుత్తిలో ఉండటానికి మంచి గదులు తక్కువ, అనంతపురం వెళ్ళిపోవడమే మేలు.

అనంతపురంలో ఒక రాత్రి. 1916లో దత్తమండలాల కళాశాలగా మొదలైన ఆర్ట్స్ కాలేజీ చూసి, రాగిసంగటి తిని, పక్కనే బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద సాయంత్రం గడపండి. ఊరి చుట్టూ వేరుశనగ చేలల్లో ఆగి చెట్టు పెరికి చూడమని రైతుని అడిగితే కాదనరు. పూత వేళ వాన తప్పితే ఊడ (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడ) దిగదు, ఊడ దిగినా నేల గట్టిపడితే కాయ ఊరదు. పై నుంచి చేను పచ్చగానే ఉంటుంది, కింద పంట ఉండదు. కారు అద్దంలోంచి చూసి "బాగానే పండింది" అనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

చివరి బస పుట్టపర్తి. ఆశ్రమం గదులు చవక, శుభ్రం, నిశ్శబ్దం. మద్యం, మాంసం కుదరవు, రాత్రి గేట్లు త్వరగా మూస్తారు. ఆశ్రమం 1990లలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా ఊళ్ళకు తాగునీరు వేయించింది. ప్రభుత్వం చేయాల్సిన పని ఒక ట్రస్టు చేయాల్సి వచ్చిందంటే, అప్పటికి ఆ ఊళ్ళ దాహం ఎంతటిదో ఊహించుకోవాలి.

పుట్టపర్తి నుంచి పెనుకొండ రోడ్డు మీద గంట ప్రయాణం. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న కోట ఒకవైపు, ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మరోవైపు. ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళొచ్చన్న ఆశతో రావద్దు, హైవే మీంచి చూడటమే. 2019లో ఇక్కడ కార్ల తయారీ మొదలయ్యేలోపు హంద్రీ–నీవా కాలువ నీరు గొల్లపల్లి జలాశయానికి చేరాల్సి వచ్చింది. బెంగళూరు విమానాశ్రయం దగ్గరే, హైవే పక్కనే, భూమీ ఉంది. లేనిదల్లా నీరు, అది శ్రీశైలం నుంచి మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తుకుని వచ్చింది. ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండలో గదుల అద్దెలు పెరిగాయి, కొరియన్ల కోసం గెస్ట్‌హౌసులు, వాళ్ళ వంటల హోటళ్ళు వెలిశాయి. మామూలు యాత్రికుడు పుట్టపర్తిలోనో హిందూపురంలోనో ఉండటం మంచిది.

గొల్లపల్లి కట్ట పెనుకొండ నుంచి ఆటో దూరం. కాలువలో నీరు వదిలారో లేదో ఊళ్ళో అడిగి వెళ్ళండి. పంపులు ఆగిన నెలల్లో అడుగున బురద మాత్రమే ఉంటుంది. నీరున్న రోజున సాయంత్రం కట్ట మీద కూర్చుంటే చుట్టూ కొత్తగా వేసిన బోర్లు, మల్బరీ, టమాటా కనిపిస్తాయి. ధవళేశ్వరంలో 1852లో నీరు తనంతట తాను దిగిన పొలానికీ, ఇక్కడ కరెంటు బిల్లు కట్టి ఎక్కించుకుంటున్న పొలానికీ మధ్య నూట అరవై ఏళ్ళకు పైనే. తిరుగు ప్రయాణానికి బెంగళూరు విమానాశ్రయం రెండు గంటలు. రైలే కావాలంటే పుట్టపర్తి స్టేషన్లో అదే ప్రశాంతి దొరుకుతుంది, బెర్తులు నెల ముందే నిండిపోతాయి.